గుట్ట వీధికి నీళ్ళు తెచ్చిన గొంతు

ఆయన పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే రెడ్డెమ్మ. రోజూ పొద్దున్నే పూజకు మూర చామంతులు కొలిచి ఇచ్చి పోయే మనిషి, ఆ రోజు గంప గడప దగ్గర దించి కొలవకుండా నిలబడింది.

"అమ్మా, మన మైకాయన పోయినాడంట. నిన్న సాయంత్రం. ఎండదెబ్బ అంటారు, గుండె అంటారు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తా ఉండారు. ఈ పూలన్నీ ఆయనింటికే తీసకపోతా ఉండా. నీ సామికి ఈ పొద్దు తులసి చాలు గదా?"

చాలన్నాను. లోపలికి వచ్చి దీపం వెలిగిద్దామని కూర్చుంటే, పూజ చెంబులో అప్పుడే పట్టిన కొళాయి నీళ్ళు కనిపించాయి. ఆ నీళ్ళు స్వామి మీద చల్లడానికి చెయ్యి రాలేదు.

చిత్తూరుకూ పుత్తూరుకూ నడుమ ఉన్న చిన్న ఊరు మాది. మా వీధి రాళ్ళ గుట్ట మీదికి ఎక్కుతూ పోతుంది కాబట్టి గుట్ట వీధి అంటారు. మైకాయన అంటే ఆటో మీద రెండు గొట్టం మైకులు కట్టుకుని ఊరంతా ప్రకటనలు చెప్పుకుంటూ తిరిగే మనిషి. ఒక చేత్తో బండి నడుపుతూ ఇంకో చేత్తో మైకు పట్టుకునేవాడు. చీరల అంగడిలో ఆడి మాసం తగ్గింపు, గంగ జాతర సాటింపు, కరెంటు పోయే వేళలు, ఎవరిదైనా మేక తప్పిపోతే ఆ మేక గుర్తులు, అన్నీ ఆయన గొంతులోనే మాకు తెలిసేవి. పేరు రాయను. బతికున్నప్పుడు ఆయనే ఒప్పుకునేవాడు కాదు.

మైకు లేనప్పుడు ఆయన మాట పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా సరిగా వినిపించదు. దుకాణంలో బెల్లం అడిగినా రెండోసారి అడగాల్సి వచ్చేది. మైకు నొక్కితే మాత్రం ఎక్కడి నుంచి వచ్చేదో ఆ గొంతు, గుట్టకు తగిలి వెనక్కి వచ్చేది. బుగ్గలో ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క ఉండేది. మండుటెండలో కూడా ఐసు ముట్టడు. చదివే ముందు చెప్పులు విప్పి సీటు కిందికి తోసేవాడు. "కాళ్ళు కాలవా అన్నా?" అని ఒకసారి అడిగాను. "నోట్లో సరస్వతమ్మ ఉంటే కాళ్ళకు చెప్పులేందక్కా" అన్నాడు, సిగ్గుపడుతూ.

ఏడాదికొకసారి, మే నెలలో, మా ఎమ్మెల్యే గారి ఎండాకాలం కబురు చదివే పని కూడా ఆయనదే. నియోజకవర్గంలో ఏ పని అయింది, ఏది మంజూరైంది, ఏది కాబోతోందని ఆ నాయకుడు ప్రతి వేసవిలో జనానికి చెప్పుకునేవాడు. కాగితాలు పంచితే వాటిలో బజ్జీలు చుట్టుకుంటారని ఆయనకు తెలుసు. అందుకే వీధి వీధికీ చదివించేవాడు. "ప్రియమైన ప్రజలారా, మీ శాసనసభ్యునిగా నేను" అని మొదలయ్యేది. ఆ మాట దగ్గర మైకాయన తనకు తెలియకుండానే చొక్కా పై గుండీ పెట్టుకునేవాడు.

మా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. మాట ఎవరు రాశారో వాళ్ళకు పట్టదు. ఎవరి నోటి నుంచి వచ్చిందో వాళ్ళనే పట్టుకుంటారు. "తోతాపురి మామిడి కాయలకు మద్దతు ధర సాధించుటకు నేను కృషి చేయుచున్నాను" అని ఆయన చదవడం ఆలస్యం, తోటల రైతులు ఆటోకు అడ్డం నిలబడేవాళ్ళు.

"ఏమప్పా ఎమ్మెల్యే, యాడ జేస్తా ఉండావు కృషి? మా కాయలు ఫ్యాక్టరీ గేటు కాడ కుళ్ళిపోతా ఉండాయి!"

"చెప్తా లేన్నా, ఆయనకు చెప్తా."

"ఆయనెవరు? నేను, నేను అని నువ్వే గదా అంటా ఉండావు!"

చుట్టూ నవ్వులు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తల దించుకుని, నిజంగానే ఆ కాయలు తన వల్ల కుళ్ళినట్టు నిలబడేవాడు. అక్కడి నుంచి మా ఇంటికి వచ్చి వసారాలో మజ్జిగ తాగేవాడు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పద్యాలు చదివించి అక్షరాలు నేర్పించాడు. ఆ నాలుగు అక్షరాల పుణ్యాన మైకాయన ప్రతి వేసవిలో ఆ కాగితం తెచ్చి కష్టమైన మాటలు నన్ను అడిగేవాడు.

"అక్కా, 'పరిపాలనా ఆమోదం లభించినది' అంటే పని అయినట్టా, కానట్టా?"

"కాగితం మీద అయినట్టన్నా."

"అంటే కానట్టే."

కరక్కాయ ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని ఆలోచనలో పడేవాడు.

ఒక ఏడాది ఎండలు మా వీధిని పిండేశాయి. కింది ఇండ్లకు ఎట్లో సన్నగా నీళ్ళు వచ్చేవి. పై ఇండ్లకు, అంటే మా ఇంటి నుంచి మునెమ్మవ్వ ఇంటి దాకా, కొళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. బిందెలు మోసి మోసి ఆడవాళ్ళ నడుములు పోయాయి. అటువంటప్పుడు ఎమ్మెల్యే గారి కబురు వచ్చింది. "గుట్ట వీధి ఎగువ ఇండ్లకు కొత్త పైపులైను ద్వారా వినాయక చవితిలోపు నీరు అందించెదను. ఇది నా మాట." మైకాయన దాన్ని ఎంత బాగా చదివాడంటే, ఆ మాటకే సగం దాహం తీరినట్టయింది నాకు.

మునెమ్మవ్వకు తీరలేదు. గుట్ట పైకొసన ఒంటరిగా ఉండే ముసలావిడ, నోరు మాత్రం వీధి మొత్తానికి సరిపోతుంది. చీపురు చేతిలో పట్టుకునే వచ్చి ఆటో ముందు నిలబడింది.

"ఒరే ఎమ్మెల్యే! ఈ మాట పోయినేడు గూడా చెప్పినావు. కాణిపాకం వచ్చి సామి ముందర చెప్తావా?"

మా జిల్లాలో ఆ మాట ఊరికే అనరు. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తే, ఎంత పెద్ద తగాదా అయినా అక్కడితో ఆఖరు. అబద్ధం చెప్పినవాణ్ణి ఆ స్వామి వదలడని మా నమ్మకం. అవ్వ వేళాకోళానికే అన్నది. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. మైకాయన మైకు ఆపి, మామూలు గొంతుతో ఏదో అన్నాడు.

"ఏందీ? ఇనపళ్ళా!" అంది అవ్వ.

"రేపు పోదామవ్వా అంటా ఉండా."

పక్కరోజు నిజంగానే వచ్చాడు. సాక్షిగా నన్నూ ఎక్కమంది అవ్వ. దారి పొడుగునా మైకు గొట్టాలు గాలికి ఊగుతూనే ఉన్నాయి. తలకు స్నానం చేసి, నీళ్ళు కారే పంచెతో స్వామికి ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"గట్టిగా చెప్పబ్బా, సామికి ఇనపడాల" అంది అవ్వ.

"మైకు లేదు గదవ్వా."

చుట్టూ ఉన్న భక్తులు నవ్వారు. ఆయన కళ్ళు మూసుకుని, ఈసారి అందరికీ వినపడేట్టు చెప్పాడు. చవితి లోపల గుట్ట వీధి పై ఇండ్లకు నీళ్ళు వస్తాయి, నేను చదివింది నిజం అని. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ప్రసాదం కొనడానికి దిగితే, ఆయన నా వైపు తిరిగాడు.

"అక్కా, వస్తాయో రావో నాకెట్ల తెలుస్తాది?"

"మరి ఎందుకు ప్రమాణం చేసినావన్నా!"

"వీధి వీధిలో చెప్తా ఉండా గదక్కా. సామి ముందర చెప్పలేని మాట మీ ముందర ఎట్ల చెప్పేది?"

అవ్వ ప్రసాదం పొట్లంతో వచ్చి ఆటో ఎక్కింది.

ఆ తర్వాత వానలు అంతంత మాత్రంగా పడ్డాయి. పైపులు వచ్చి వీధి మొదట్లో పడ్డాయి కానీ, వాటిలో కుక్కలు పడుకున్నాయే తప్ప ఎవరూ గుంత తవ్వలేదు. మైకాయన ఏ ప్రకటనకు వచ్చినా మా ఇంటి ముందు బండి నెమ్మది చేసి నా వైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. చవితి దగ్గర పడుతుంటే ఎమ్మెల్యే గారి ఇంటికే పోయి అడిగాడట.

"ఏమన్నారన్నా?"

"ఆయన చెడ్డోడు కాదక్కా. టీ ఇప్పించినాడు. పైనుంచి బిల్లు రాలేదు, నన్నేం జెయ్యమంటావు అన్నాడు. నీకెందుకప్పా అంత దిగులు, నీ పని చదవడమే గదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చదివింది నేను గదా సార్ అన్నా. ఆయన నవ్వినాడు."

చవితి రోజు తెల్లవారుతుండగా వీధిలో డ్రమ్ములు దొర్లిన చప్పుడు. తలుపు తీసి చూస్తే ఆటో మీద మైకు గొట్టాలు లేవు. వెనక సీటు పీకేసి రెండు నీలం డ్రమ్ములు పెట్టుకున్నాడు. కింద ఎవరిదో మామిడి తోటలో బోరు నీళ్ళు. గుట్ట వీధి పైభాగం ఆటో ఎక్కేంత సాఫీగా ఉండదు. మా మలుపు దగ్గర బండి ఆపి, బిందె భుజాన పెట్టుకుని, మొదట మునెమ్మవ్వ ఇంటికే ఎక్కాడు.

"ఏమి ఎమ్మెల్యే, కొళాయి యాడ?" అంది అవ్వ.

"కొళాయి తర్వాత వస్తాదవ్వా. నీళ్ళొచ్చినాయి. కుండ పట్టు."

అవ్వ కుండ పట్టింది. ఆ నీళ్ళతోనే ఆ రోజు మా పై ఇండ్లన్నిటిలో కుడుములు ఉడికాయి. స్వామికి నైవేద్యం పెట్టి, నా జన్మలో ఎప్పుడూ పెట్టనంత గట్టిగా దండం పెట్టాను.

ఆ ఒక్కరోజుతో ఆయన ప్రమాణం తీరిందనుకున్నాం. మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. "చాలన్నా, సామికి తెలుసు నీ సంగతి" అన్నాను. "ఒక పొద్దుకే వస్తాయని చెప్పలేదు గదక్కా" అన్నాడు.

ఇక్కడి నుంచి రాయడమే నాకు కష్టంగా ఉంది. మొదటి రోజుల్లో ఆయన వస్తే ఇంటికొక మనిషి ఎదురు పోయి బిందె అందుకునేవాళ్ళు. కాఫీ ఇచ్చేవాళ్ళు. తర్వాత తర్వాత బిందెలు గడప ముందు పెట్టి లోపల పని చూసుకోవడం మొదలైంది. ఇంకొన్నాళ్ళకు, ఆయన పొద్దెక్కి వస్తే వీధి అరుగుల మీద నుంచి గొణుగుడు వినిపించేది. "ఏమబ్బా ఈ పొద్దు ఇంత ఆలీసం? బియ్యం కడగొద్దా మేము?" ఆయన "తప్పయిపాయ అక్కా" అనేవాడు. నీళ్ళు పోస్తూ తప్పయిపోయిందనే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. నేను గొణగలేదు. కానీ నా పూజ వేళను ఆయన బిందె చప్పుడుతో కలుపుకున్నాను. రేపు రాకపోతే ఎట్లా అని ఆలోచించానే కానీ, ఈ మనిషి ఎంతకాలం మోస్తాడని ఆలోచించలేదు.

తమిళ లెక్కలో పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాలు మాకు ఎంత ముఖ్యమో ఈ వైపు వాళ్ళందరికీ తెలుసు. ఇల్లంతా కడిగి, కొత్త కుండలో పొంగలి పెట్టి, వెంకన్నకు తలిగ, అంటే నైవేద్యం, వేస్తాం. ఆ శనివారం ఆయన అందరికీ పోసి డ్రమ్ములు ఖాళీ చేసుకుని కిందికి దిగుతుంటే, "అన్నా, తలిగకు ఇంకొక్క బిందె దొరుకుతుందా?" అన్నాను. తోట దాకా మళ్ళీ పోయి రావాలని నాకు తెలుసు. "సామికి గదక్కా, తెస్తా" అన్నాడు.

ఆ బిందెతో మలుపు ఎక్కుతుంటే పాచి పట్టిన బండ మీద జారాడు. బిందె దొర్లుకుంటూ కింది దాకా పోయిన చప్పుడు నాకు పూజగదిలోకి వినిపించింది. పరుగెత్తి పోతే కుడి మణికట్టు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. "నీళ్ళు పోయినాయక్కా" అన్నాడు. చెయ్యి పోయిందనలేదు.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకుపసరు, గుడ్డుసొన వాసనతో ఆ కట్టు వేసుకునే మళ్ళీ వచ్చాడు, ఎవరినో డ్రైవరుగా పెట్టుకుని, పొద్దున్నే నీళ్ళ డ్రమ్ములతో, ఆ తర్వాత ఎడమ చేత్తో మైకు పట్టుకుని. వీధి అప్పుడు కళ్ళు తెరిచింది. ఆటో మలుపు దగ్గర ఆగగానే ఆడవాళ్ళమే దిగి బిందెలు మోసుకున్నాం. కట్టు విప్పాక చెయ్యి కుదిరింది గానీ, మణికట్టు కొంచెం లోపలికి వంగే ఉండిపోయింది. "మైకు పట్టుకోడానికి ఇదే బాగుండాది అక్కా, నోటికి దగ్గర" అని నాకు ధైర్యం చెప్పాడు. నా చెవుల్లో మాత్రం ఆ బిందె చప్పుడు ఆగలేదు.

మరుసటి వేసవికి పైపులైను పడింది. ఎమ్మెల్యే గారి కబురు మళ్ళీ వచ్చింది. "గుట్ట వీధికి మాట ఇచ్చాను, నీళ్ళు తెచ్చాను" అని రాసి ఉంది అందులో. మైకాయన ఆ వాక్యం చదవగానే మునెమ్మవ్వ పై నుంచి కేకేసింది. "అవునప్పా, నువ్వే తెచ్చినావు!" వీధి గొల్లుమంది. ఆయన మైకు టక్కున ఆపేసి, పై గుండీ విప్పుకుని, మిగతాది చదవకుండానే బండి కిందికి దించుకుని పోయాడు.

కొళాయి తిప్పే రోజు మా మలుపులోనే షామియానా వేశారు. ఎమ్మెల్యే గారు వచ్చారు, పూలదండలు పడ్డాయి. భజనల్లో పాడే గొంతు కదా అని, నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నది ఆయనే. ఆ వంగిన మణికట్టు నా నోటికి ఎదురుగా ఉంది. ముందు స్వామికి కృతజ్ఞత చెప్పాను. ఎమ్మెల్యే గారికి, గుంతలు తవ్విన కూలివాళ్ళకు చెప్పాను. "ఇంకొక్కరున్నారు. ఈ కొళాయి రాకముందు..." అన్నాను.

నా గొంతు నాకే చిన్నదిగా వినిపించింది. మైకు ఆగిపోయింది. చూస్తే స్విచ్చి మీద ఆయన బొటనవేలు ఉంది.

"వద్దక్కా" అన్నాడు, పెదవులతో.

నా మాట అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. మైకు లేకుండా అరిచి చెప్పవచ్చు. నేను చెప్పలేదు. పక్కకు వచ్చేశాను.

షామియానా విప్పుతుంటే వైర్లు చుట్టుకుంటున్న ఆయన దగ్గరకు పోయి, ఎందుకట్లా చేశావని అడిగాను.

"తెలియని మాటను తెలిసినట్టు సామి ముందర చెప్పినా. ఆ తప్పుకు నీళ్ళు మోసినా. తప్పు చేసినోడికి దండేస్తారా అక్కా?"

"ఆ మాట తప్పే అయినా, నువ్వనింది మావల్ల గదన్నా. మోసిన నీళ్ళు మాకు గదన్నా."

"మీకని మోసింది కాదక్కా. నా మాట. దాన్ని నిలబెట్టుకునేదానికి నేను మోసుకున్నా. నువ్వు నా పేరు చెప్తే ఆ మోసిన ఫలం గూడా పాయె."

వైరు చుట్ట భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. ఆయన దండ వద్దంటే వద్దు, సరే. నా వల్ల వంగిన ఆ చేతికి నేను ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

రెడ్డెమ్మ కబురు తెచ్చిన వారానికే ఈ ఏటి ఎండాకాలం కబురు వచ్చింది. ఆటో కొత్తది, గొంతు రికార్డు. ఎక్కడో పట్నంలో చదివించారట. మా ఊరి పేరునే రెండు ముక్కలు చేసి పలికింది. పాత బస్టాండు, ఆసుపత్రి పడకలు, తోతాపురి ధర, అన్నీ ఒకే తీరుగా చెప్పుకుంటూ పోయింది. ఎక్కడా దగ్గలేదు, ఎక్కడా గుటక వేయలేదు. మునెమ్మవ్వ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. గడప దిగి వచ్చి, "ఏయ్, కాణిపాకం వస్తావా?" అని అరిచింది. డ్రైవరు చెవుల్లో ఏవో పెట్టుకుని ఉన్నాడు. బండి ఆగలేదు.

అవ్వ నా పక్కన చతికిలబడింది. "దీన్ని తిడితే యాడా తగల్దమ్మే" అంది. ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

రెడ్డెమ్మ కబురు తెచ్చిన పొద్దున చెంబులో నీళ్ళు చల్లడానికి చెయ్యి రాలేదని చెప్పాను కదా. ఆఖరికి ఆ నీళ్ళే స్వామి మీద చల్లాను. మలుపులో పారిపోయిన ఆ బిందె నీళ్ళు కూడా ఆయన తన లెక్కలోనే వేసుకుని ఉంటాడని మనసుకు చెప్పుకున్నాను. మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదేమో.

షామియానాలో ఆగిపోయిన నా మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను. ఆయన ఒప్పుకోడని తెలుసు. కానీ స్విచ్చి మీద ఇప్పుడు ఆయన వేలు లేదు. ఈ కొళాయి రాకముందు మాకు నీళ్ళు తెచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఎవరో రాసిన మాటను నోటితో పలికినందుకు, అది తన మాటే అనుకున్నాడు. మీ వీధిలో ఈ వేసవిలో మైకు ఆటో ఏదైనా వస్తే, అది ఏం చెప్పినా సరే, చదివే ముందు చెప్పులు విప్పిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.